ముందు ఊపు మాన్పించండి, మంచం తర్వాత

రాత్రి రెండింటికి "తప్" మని చప్పుడు. లేచి చూస్తే మా రెండేళ్ళ నాలుగు నెలల పిల్ల కమ్మీల మంచంలో లేదు, అవతల మా అత్తయ్య మంచం పక్కన నిలబడి ఆవిడ చెవిలో "నాన్నమ్మా, బిక్కీ" అని బిస్కట్ అడుగుతోంది. ఏడుపు లేదు, దెబ్బ లేదు. ఎలా దిగిందో మర్నాడు మధ్యాహ్నం తలుపు చాటు నుంచి చూశాను. పెద్ద ఎలుగుబంటి బొమ్మని మూలకి ఈడ్చి, దాని నెత్తిన ఒక కాలు పెట్టి, ఇంకో కాలు కమ్మీ మీదకి వేసి, పొట్ట ఆనించి అవతలికి జారింది. కొబ్బరిచెట్టు దిగేవాడికి కూడా అంత నిదానం ఉండదు. ఇక దీన్ని మంచానికి మార్చక తప్పదని ఆ రోజే తేలిపోయింది.

మాది ఒడిశాలో రాయగడ. మావయ్యగారి నాన్నగారి కాలంలో పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉండిపోయారు, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. ఇక్కడ షాపుకెళ్ళి "పిల్లకి కాట్ కావాలి" అంటే డబుల్ కాట్ చూపిస్తారు, ఎందుకంటే మన దగ్గర కాట్ అంటే మంచమే. అందుకని నాలుగు వైపులా కమ్మీలుండే పిల్లల మంచాన్ని నేను కమ్మీల మంచం అనే అంటాను. చీర ఉయ్యాల, చెక్క ఉయ్యాల సంగతి మీకు తెలిసిందే. చీర ఉయ్యాల అయితే పిల్లలు తమంతట తాము లేచి కూర్చోవడం మొదలుపెట్టిన రోజే తీసేయాలి, దానికి ఇంత ఆలోచన అక్కర్లేదు. ఈ గొడవంతా కమ్మీల మంచం, చెక్క ఉయ్యాల నుంచి అసలు మంచానికి మార్చడం గురించి.

నేను ముందు చదివినవన్నీ విడిగదిలో ఒంటరిగా పడుకునే పిల్లల గురించి రాసినవే. మన ఇళ్ళల్లో అలా ఉండదు కదా, ఒకే గదిలో అమ్మా నాన్నా, పక్క గదిలో నాన్నమ్మ, మధ్య తలుపు తీసే ఉంటుంది. మన పిల్లలకి ఒంటరితనం భయం పెద్దగా లేదు. మనకి వచ్చే చిక్కు వేరే, మన పిల్లలు ఊపితేనే నిద్రపోతారు. మంచం ఊగదు. మంచానికి మార్చిన మొదటి వారం పిల్లలు ఏడ్చేది మంచం కోసం కాదు, ఊపు కోసం. ఇది అర్థమయ్యాక మాకు సగం పని సులువైంది.

ఎప్పుడు మార్చాలి

వయసు చూసి తొందరపడకండి. పిల్ల హాయిగా నిద్రపోతూ, ఎక్కి దూకే ప్రయత్నం చేయకుండా ఉంటే మూడేళ్ళ దాకా ఉంచినా నష్టం లేదు, పైగా మంచిదే, ఎందుకంటే రెండేళ్ళలోపు పిల్లకి "దిగకూడదు" అన్న మాట చెవికెక్కుతుంది గానీ కాలికి ఎక్కదు. అయితే ఎత్తు మాత్రం చూసుకోవాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు చెప్పే లెక్క ఏంటంటే, పిల్ల ఎత్తు 35 అంగుళాలకి, అంటే 89 సెంటీమీటర్లకి వచ్చినా, నిలబడినప్పుడు పై కమ్మీ పిల్ల ఎత్తులో ముప్పావు వంతు కన్నా తక్కువలో ఉన్నా, అంటే సుమారుగా చనుమొనల మట్టానికి దిగినా, ఇక మార్చే టైం వచ్చినట్టే. ఎత్తు కొలవడం కుదరకపోతే అంగన్‌వాడీలో కొలిచి రాసిన కార్డు చూడండి.

మా పిల్ల అప్పటికి 88. మంచం రెడీగా లేదు. మరేం చేశాం అంటే, ముందు ఎలుగుబంటిని బీరువా ఎక్కించాం, దిండ్లూ బొమ్మలూ అన్నీ తీసేశాం, ఆ తర్వాత పరుపు చెక్కని కింది గంటులోకి దించాం. ఇది పిల్ల పట్టుకుని నిలబడటం నేర్చినప్పుడే చేయాల్సిన పని. బద్ధకం. నాలుగు బోల్టులు విప్పడానికి మా ఆయన ఏడాది తీసుకున్నారు. దించాక కమ్మీ మళ్ళీ దాని గుండెల పైకి వచ్చింది, మాకు నెల రోజులు వ్యవధి దొరికింది. దించిన తర్వాత కూడా ఎక్కుతుంటే మాత్రం ఆగొద్దు, ఆ రాత్రి నుంచే అందులో పడుకోబెట్టడం మానేయండి. అంతెత్తు నుంచి తల కిందుగా పడితే ఎవరూ ఏమీ చేయలేరు.

మార్చకూడని రోజులు కొన్ని ఉన్నాయి. జ్వరం తగ్గీ తగ్గని వారం, ఇల్లు మారుతున్నప్పుడు, డయపర్ మాన్పించి టాయిలెట్ అలవాటు చేస్తున్నప్పుడు, పెళ్ళిళ్ళకి ఊళ్ళు తిరుగుతున్నప్పుడు వద్దు. ముఖ్యంగా రెండో కాన్పు దగ్గర పడుతుంటే. బొబ్బిలిలో మా పిన్ని కూతురు పురుటికి వారం ముందు పెద్దవాడిని మంచానికి మార్చి, చిన్నదాన్ని తెచ్చి వాడి కమ్మీల మంచంలోనే పడుకోబెట్టింది. వాడు మూడు నెలలు ఆ మంచం కిందే పడుకున్నాడు. మారిస్తే కాన్పుకి రెండు నెలల ముందే మార్చండి, లేదంటే చిన్నదానికి నాలుగైదు నెలలు వచ్చేదాకా ఆగండి, అప్పటిదాకా చిన్నదానికి వేరే ఏదైనా చూసుకోవచ్చు.

ఊపు మాన్పించడం

మా కమ్మీల మంచం ఊగేది. అత్తయ్య దాని కాలికి పాత చీర అంచు చింపి తాడులా కట్టింది, రెండో కొసని తన కాలి బొటనవేలికి తగిలించుకుని, చేతిలో కత్తిపీట, ఎదురుగా టీవీలో సీరియల్, బెండకాయలు తరుగుతూ గంటసేపైనా ఊపేది. పిల్ల నిద్రపోయినా వేలు ఆగేది కాదు. అలా రెండేళ్ళు పెరిగిన పిల్లని తీసుకెళ్ళి కదలని చెక్క మీద పడుకోబెడితే దానికి భూకంపం ఆగిపోయినట్టు ఉంటుంది పాపం.

కాబట్టి మంచం రాకముందే, పాత చోటే, పాత పరుపు మీదే ఊపు తగ్గించండి. మొదటి మూడు రోజులు ఎప్పటిలా ఊపండి, కానీ కళ్ళు మూతలు పడుతుండగా ఆపేయండి, పూర్తిగా నిద్రపోయేదాకా కాదు. తర్వాత మూడు రోజులు ఊపు వేగం తగ్గించి, ఊగే దూరం జానెడు నుంచి బెత్తెడుకి తెచ్చి, ఇంకా ముందే ఆపండి. ఏడో రోజు నుంచి ఊపు లేదు, జోకొట్టడమే. వీపు మీద అరచేత్తో తట్టడం, దానికి తగ్గ ఒక కూనిరాగం. జోకొట్టడం మంచం మీద కూడా కుదురుతుంది కదా, అందుకే ఊపుని జోకొట్టడంలోకి మారుస్తున్నాం అన్నమాట. పది పన్నెండు రోజుల్లో అయిపోతుంది. మాకు పంతొమ్మిది రోజులు పట్టింది, దానికి కారణం ఉంది.

జూన్ మధ్యలో రజొ పండగ వచ్చింది. ఒడిశాలో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, మూడు రోజులు భూదేవికి విశ్రాంతి, ఆడపిల్లలకి పనులుండవు, కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాల ఊగడమే పండగ. దోళి అంటారు వాళ్ళు. మా పక్కింటి మావుసీ వాళ్ళ మామిడిచెట్టుకి లావు తాడు కట్టి చెక్క వేశారు, వీధిలో ఆడపిల్లలంతా అక్కడే, మా గుంట కూడా అక్కడే. పొద్దంతా దోళి, రాత్రి అయ్యేసరికి "దోళి, దోళి" అని ఏడుపు, తొమ్మిది రోజుల శ్రమ నాగావళిలో కలిసిపోయింది. ఆ మూడు రోజులూ వదిలేశాం. పండగ అయ్యాక మళ్ళీ నాలుగో రోజు లెక్క నుంచి మొదలుపెట్టాం. మధ్యలో ఇలాంటిది ఏదో ఒకటి వస్తుంది, వచ్చినప్పుడు పిల్లతో పోట్లాడకండి.

ఇంట్లో పెద్దవాళ్ళని ఒప్పించడం ఇంకో పని. "ఏటమ్మా, కాసేపు ఊపితే నీ సొమ్మేటి పోద్ది" అని అత్తయ్య. ఆవిడతో వాదించి లాభం లేదని, జోకొట్టే పని మొత్తం ఆవిడకే అప్పజెప్పాను. తాడు మాత్రం విప్పేశాను. ఆవిడ చేతికి పని దొరికింది, కాలికి తీరిక దొరికింది, గొడవ లేదు.

మంచం ఎలాంటిది

తక్కువ ఎత్తు. ఇది ఒక్కటి పట్టుకోండి, మిగతావి సర్దుకోవచ్చు. మేం వడ్రంగి చేత మామిడి చెక్కతో చేయించాం, పొడవు ఐదు అడుగులు, వెడల్పు రెండున్నర, నేల నుంచి పలక దాకా ఎనిమిది అంగుళాలు, దాని మీద నాలుగు అంగుళాల పరుపు. అంటే అడుగు ఎత్తు, దొర్లి పడినా పక్కన బొంత వేసి ఉంటే చప్పుడే తప్ప దెబ్బ ఉండదు. పడుకునే పిల్ల మూడున్నర అడుగులు దాటేదాకా ఐదు అడుగులు చాలు. మూలలు గుండ్రంగా చెక్కించండి, చెయ్యి వేసి నిమిరి చూడండి, పిల్లల చర్మం మీద పేడు గుచ్చుకుంటే తీయడం ఎంత నరకమో తీసినవాళ్ళకి తెలుసు. మా వడ్రంగి వారంలో ఇస్తానన్నాడు, జులై మొదటి వారానికి ఇచ్చాడు, ఈ విషయంలో సరిహద్దుకి ఇటూ అటూ ఏ తేడా లేదు.

నులక మంచం, నవారు మంచం ఇంట్లో ఉన్నాయి కదా అని వాడేద్దాం అనుకోకండి. మధ్యలో దిగి, పట్టెలు గట్టిగా పైకి ఉంటాయి, పిల్ల దిగేటప్పుడు మోకాలో గడ్డమో పట్టెకి తగులుతుంది. పైగా దోమతెర అంచు దూర్చడానికి పరుపు కింద పట్టు ఉండదు. రెండంతస్తుల మంచాలు చూసి ముచ్చటపడేవాళ్ళకి ఒక్క మాట, పైఅంతస్తు ఆరేళ్ళలోపు పిల్లలకి కాదు.

పక్క కమ్మీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నేను పొరపాటు చేశాను. మంచం రాకముందే ఆన్‌లైన్‌లో, పరుపు కిందకి దూర్చి నిలబెట్టే రకం, బట్ట తొడిగిన అడ్డు ఒకటి తెప్పించాను. బిగించాక చేత్తో నెట్టి చూస్తే పరుపుకీ అడ్డుకీ మధ్య నా పిడికిలి దూరేంత సందు వచ్చింది. పిల్ల అటు దొర్లితే ఒళ్ళు సందులోకి జారి తల పైన ఇరుక్కుంటుంది, పడటం కన్నా అది ప్రమాదం. వెనక్కి పంపించేశాను. ఇలా దూర్చి పెట్టే అడ్డులు రెండేళ్ళలోపు పిల్లలకి అసలు వాడకూడదు, రెండు దాటినా తనంతట తాను మంచం ఎక్కి దిగగలిగే పిల్లకే వాడాలి. చెక్క మంచానికి వడ్రంగి చేతే తల వైపు సగం పొడవున చిన్న కమ్మీ బిగించేయించుకోవడం మేలు, కమ్మీకీ కమ్మీకీ మధ్య 6 సెంటీమీటర్లు దాటకుండా, పరుపు అంచుకి ఆనుకుని. మిగతా సగం తెరిచి ఉండాలి, దిగడానికి. నాలుగు వైపులా కమ్మీ పెట్టిస్తే మళ్ళీ ఎలుగుబంటి కథే.

గోడవార వేస్తే గోడకి పూర్తిగా ఆనించండి, మధ్యలో సందు వద్దు. పిల్లలు దొర్లుతూ దొర్లుతూ మంచాన్ని జరుపుతారు కూడా, రోజూ పడుకోబెట్టే ముందు ఒకసారి మోకాలితో గోడ వైపు తోసి చూసుకోండి.

పరుపు గట్టిగా ఉండాలి. బూరుగు దూది పరుపు మెత్తగా, హాయిగా ఉంటుంది, పెద్దవాళ్ళకి. పిల్లకి ఏకిన పత్తి పరుపు గానీ కొబ్బరి పీచు పరుపు గానీ చూడండి, అరచేత్తో నొక్కి తీస్తే గుంట మిగలకూడదు. దిండు లేకపోయినా పర్వాలేదు, రెండేళ్ళు దాటాక కావాలంటే పల్చగా చిన్నది. పక్క తడిపే సంగతి ఎలాగూ ఉంటుంది కాబట్టి పక్క ఇలా వేయండి, కింద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, మళ్ళీ దాని మీద రబ్బరు షీటు, మళ్ళీ దుప్పటి. రాత్రి మూడింటికి తడిస్తే పై రెండూ లాగేస్తే కింద పొడి పక్క రెడీగా ఉంటుంది, లైటు కూడా వేయక్కర్లేదు. ఇది మా అమ్మ నేర్పింది, దీనికి ఆవిడకి జన్మంతా రుణపడి ఉన్నాను.

దోమతెర, నేల

రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి వైపు ఉండేవాళ్ళకి దోమతెర అంటే అలంకారం కాదు, మలేరియా. 2017లో ఒడిశా ప్రభుత్వం మలేరియా తగ్గించడానికి దమన్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది కదా, ఆ రోజుల్లో ఇటు పంచిన మందు పట్టిన తెరలు చాలా ఇళ్ళల్లో చూశాను, కొన్నిచోట్ల చేపలు పట్టడానికీ కోళ్ళ మీద కప్పడానికీ. అలాంటి కొత్త తెర దొరికితే వాడే ముందు ఒక రోజంతా నీడలో ఆరేయండి. ఎండలో ఆరేస్తే, గట్టి సబ్బుతో బండకి బాదితే మందు పోతుంది. మామూలుగా ఇరవై ఉతుకులు, మూడేళ్ళు పనిచేసేలా తయారుచేస్తారు.

కమ్మీల మంచంలో గొడుగులా మూసే చిన్న తెర వాడి ఉంటారు, మంచానికి అది పనికిరాదు, పిల్ల లోపల లేచి నిలబడితే దాంతోపాటు దొర్లుతుంది. నాలుగు మూలలా కర్రలు పెట్టించి పెట్టె ఆకారం తెర కట్టండి, అంచులు పరుపు కిందకి బెత్తెడు లోపలికి దూర్చండి. కట్టే తాళ్ళు పిల్ల చేతికందేలా వేలాడకూడదు, మెడకి చుట్టుకుంటాయి. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. పిల్లకి రాత్రి దిగాలనిపిస్తే తెర ఎలా దాటుతుంది? మేం పగలు ఆటలా నేర్పాం, తెరిచి ఉన్న వైపు అంచు పైకి లాగి, ముందు కాళ్ళు, తర్వాత పొట్ట, తర్వాత తల, పామాట అని పేరు పెట్టుకుంది. ఆ పేరు నాకు నచ్చలేదు గానీ ఆట బాగా వచ్చింది. తెర దూర్చి ఉంది కదా పడదులే అని మాత్రం నమ్మకండి, తెర బరువు ఆపదు.

పాము అన్నాను కాబట్టి. మంచం వచ్చేదాకా కొన్నాళ్ళు నేల మీద పరుపు వేద్దాం అని చాలామంది అంటారు, పట్నంలో మేడ మీద అయితే మంచి సలహానే. మా వైపు వానాకాలంలో నేను ఒప్పుకోను. కట్లపాము, ఇక్కడివాళ్ళు చితి సాపొ అంటారు, రాత్రిపూట ఇళ్ళల్లోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కాటేస్తుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. నేల మీద వేయక తప్పకపోతే చుట్టూ తెర దూర్చే వేయండి. పొద్దున్నే పిల్ల కారణం లేకుండా కడుపునొప్పి అని ఏడ్చి, రెప్పలు వాలిపోతుంటే అజీర్ణం అనుకోకుండా, మంత్రం, తాడు, కోత ఏదీ లేకుండా తిన్నగా పెద్దాసుపత్రికి పరుగెత్తండి. మంచం మీద పడుకోబెట్టినా తెర అంచు నేల మీద జీరాడకుండా చూసుకోండి, దాన్ని పట్టుకుని కూడా పాములు ఎక్కుతాయి.

గదంతా ఉయ్యాలే

ఇప్పటిదాకా కమ్మీలు కాపలా కాశాయి. ఇక పిల్ల అర్ధరాత్రి లేచి ఎటైనా నడుస్తుంది, మీరు నిద్రలో ఉంటారు. కాబట్టి ఒకరోజు సాయంత్రం మీరు మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల కళ్ళ ఎత్తు నుంచి గది చూడండి. నాకు కనిపించినవి చెప్తాను. అత్తయ్య దిండు కింద బీపీ మాత్రల అట్ట. రంగు రంగులవి, పిల్లకి అవి జెమ్స్ బిళ్ళలు. వాటిని ఆ రోజే బీరువాలో పెట్టించాను, ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత దోమల మందు మిషన్, కింద సాకెట్లో, చేతికందే ఎత్తులో, దాన్ని పైకి మార్చాం. మూలలో వేలాడే చార్జర్ వైరు. గోడకి బిగించని బీరువా, పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కితే అది మీద పడుతుంది, వెనక కొక్కెం వేసి గోడకి బిగించండి, టీవీ కూడా.

అన్నిటికన్నా ముందు బాత్రూం. రాత్రి నీళ్ళు రావని బకెట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకుంటాం. రెండేళ్ళ పిల్ల బకెట్లోకి వంగితే తల బరువుకి లోపలికి పడుతుంది, లేవలేదు, జానెడు లోతు నీళ్ళు కూడా అక్కర్లేదు ప్రాణం పోవడానికి. బాత్రూం తలుపుకి పైన గడియ వేయించండి, పెరటి తలుపుకీ అంతే, నుయ్యి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మెట్లు ఉంటే అడ్డు గేటు. పిల్ల పడుకునే గదికి మాత్రం బయట నుంచి గడియ పెట్టకండి, ఎంత విసుగొచ్చినా.

మొదటి రాత్రులు

కమ్మీల మంచం ఏ మూల ఉందో కొత్త మంచం ఆ మూలే వేయండి, ఉతకని పాత దుప్పటే వేయండి, ఆ వాసన చాలు. మేం ముందు పగటి నిద్రతో మొదలుపెట్టాం, మూడు మధ్యాహ్నాలు. రాత్రి వరస ఎప్పటిదే, పెరుగన్నం, కాళ్ళు కడగడం, ఒక కథ, చిన్న లైటు, జోకొట్టడం. కొత్తగా ఏమీ చేర్చకండి. మంచం వచ్చిన రోజున పిల్ల చేతే దుప్పటి పరిపించండి, అది వంకరగా పరిస్తే అలాగే ఉంచండి.

మొదటి రాత్రి పదకొండు సార్లు దిగింది. నేను లెక్కపెట్టాను, వేరే పని లేక. ప్రతిసారీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పడుకోబెట్టడం, ఒకే మాట, "బజ్జో", అంతే. ఎత్తుకోవడం లేదు, తిట్టడం లేదు, ముద్దులు లేవు, నీళ్ళు ఒక్కసారే. పదకొండింటిలో ఒక్కసారి వాళ్ళ నాన్న నవ్వారు, అంతే, అది దానికి ఆట అయిపోయింది, రెండో రాత్రి పధ్నాలుగు సార్లు. మూడో రాత్రి ఆయన్ని హాల్లో పడుకోమన్నాను. నాలుగో రాత్రికి మూడు సార్లు. దిగితే సరదా ఏమీ లేదని తెలిస్తే దిగడం ఆగిపోతుంది, ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి.

కొందరు పిల్లలు దిగరు, కూర్చుని ఏడుస్తారు. అలాంటి పిల్ల పక్కన పీట వేసుకుని కూర్చోండి, చెయ్యి మీద చెయ్యి వేసి. రెండు మూడు రోజులకోసారి పీటని జానెడు వెనక్కి జరపండి, మీ మంచం దాకా. పక్కన పడుకుని నిద్రపుచ్చడం మొదలుపెడితే ఇక మీరు ఆ రెండున్నర అడుగుల మంచం మీదే ఏళ్ళు గడపాలి. అది మీకు ఇష్టమే అయితే ఈ గొడవే వద్దు, పెద్ద మంచం చేయించుకోండి, నేనేం అనను.

పగలు ఎక్కువ పడుకుని రాత్రి పడుకోవట్లేదని బాధపడకండి. ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకి రోజు మొత్తం మీద 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి, అందులో పగటి నిద్ర కూడా కలిసే. సాయంత్రం ఐదింటిదాకా పడుకున్న పిల్ల ఎనిమిదింటికి ఎలా పడుకుంటుంది? మూడున్నరకి లేపేయండి.

ఊరెళ్ళినప్పుడు ఇదంతా చెడుతుంది. మేం పండక్కి బొబ్బిలి వెళ్ళాం, అక్కడ వరసగా పదిమంది నేల మీద పక్కలు, పిల్ల మా అమ్మ పక్కలో దూరింది, ఎవరూ ఏమీ అనలేదు. దాని దుప్పటి, చిన్న తెర తీసుకెళ్ళడం మాత్రం మర్చిపోకండి. తిరిగొచ్చాక రెండు రాత్రులు మళ్ళీ "బజ్జో" మొదటి నుంచి. మూడు వారాలు గట్టిగా చేసినా ఎవరికీ నిద్ర లేకుండా ఉంటే, పిల్ల కమ్మీ ఎక్కే రకం కాకపోతే, పైన చెప్పిన ఎత్తు కూడా దాటకపోతే, మళ్ళీ కమ్మీల మంచంలో పెట్టి రెండు నెలల తర్వాత చూడండి. ఊళ్ళోవాళ్ళు ఏదో అంటారు, వాళ్ళు ఎవరి పిల్లల గురించైనా అంటారు.

కమ్మీల మంచాన్ని వెంటనే తీసేయకుండా రెండు వారాలు ముందు గదిలో ఉంచాం, తర్వాత బోల్టులన్నీ ఒక కవర్లో కట్టి మంచానికే తగిలించి మా తోడికోడలికి ఇచ్చాం, పరుపు దించే గంటు ఎక్కడో చూపించి మరీ. పిల్ల ఇప్పుడు రాత్రంతా దాని మంచం మీదే పడుకుంటుంది. తెల్లవారుజామున ఐదింటికి మాత్రం పామాట ఆడుకుంటూ దిగి, నాన్నమ్మ పక్కలోకి వెళ్ళి బిక్కీ అడుగుతుంది, ఆవిడ దిండు కింద మాత్రలు లేవు, బిస్కట్ ప్యాకెట్ ఉంది. అది నేను తీయించలేదు.